మంచునేలలో ఉల్లినారు
(పాఠశాల అమృత మహోత్సవాలలో భాగంగా జరిగిన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్భై అయిదేళ్ల పండుగనాడు ప్రధానోపాధ్యాయిని మాట్లాడుతున్నదంటే పాఠశాల చరిత్ర, ఉత్తీర్ణతా శాతాలు, దాతల పేర్లు చదువుతుందని మీరు అనుకోవడం సహజం. అవన్నీ ఈ సంచికలోనే వేరే పుటలలో ఉన్నాయి. ఈ రోజు నేను ఉల్లిగడ్డను గురించి మాట్లాడదలచాను. నవ్వుతున్నారు. నవ్వండి. ఉల్లిగడ్డ పేరు చెప్పి నవ్వించగలగడం కూడా ఒక విశేషమే, దాని స్వభావం కంట నీరు తెప్పించడం కదా!

షోలాపురంలో ఉల్లిగడ్డను పరిచయం చేయవలసిన పని లేదు. 1870ల తరువాత ఇక్కడ మిల్లులు వెలసిన నాటి నుండి మగ్గాన్ని నమ్ముకుని తెలంగాణ పల్లెల నుండి వచ్చిన మన పెద్దలకు జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఇంత కారం చాలా కాలం పాటు పూర్తి భోజనం. శీతకాలంలో మన బజారు సమితి ఆవరణలో లారీల వెంట లారీలుగా దిగే ఎర్రని గడ్డల రాశులను చూడని పిల్లవాడు ఈ ఊరిలో ఉండడు. "ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదు" అని సామెత. తల్లిగా, ఉపాధ్యాయినిగా నేను ఆ సామెతను పూర్తిగా ఒప్పుకోను గానీ, ఉల్లి నాకు ఒక పాఠం నేర్పింది. అది ఈ నేలమీద కాదు, మంచుతో కప్పబడిన నేలమీద. ఆ పాఠాన్ని మీ ముందుంచుతాను.

2023లో మా అమ్మాయి పురిటికని ఆర్జిత సెలవు పెట్టి, జనవరి చివర అమెరికాలోని మినియాపోలిస్ నగరానికి వెళ్లాను. ఆమె ఈ పాఠశాలలో ఏడవ తరగతి వరకు చదివిన పిల్లే. నేను విమానం దిగిన నాడు నేల కనిపించలేదు. ఎటు చూసినా తెల్లని మంచు. చెట్లకు ఆకు లేదు, పక్షి అరుపు లేదు. అక్కడ భూమి కొన్ని అడుగుల లోతు వరకు గడ్డకట్టుకుపోతుంది. ఎండకు నెర్రెలు విచ్చిన నేలను చూచిన కళ్లు నావి. రాయిలా మారిన నేలను చూడడం అదే మొదలు.

అటువంటి రోజులలో, ఫిబ్రవరి మాసంలో, పొరుగింటి పెద్దావిడ ఒకరు మా అమ్మాయికి ఒక చిన్న పొట్లం తెచ్చి ఇచ్చారు. డెబ్భై ఏళ్లు పైబడిన మనిషి. అందులో నల్లని ఉల్లి విత్తనాలు. "ఇప్పుడే చల్లండి, ఆలస్యమైతే అదును పోతుంది" అన్నారు. బయట మోకాలి లోతు మంచు. నాకు ఆవిడ మాట పరిహాసంగా తోచింది. కాని అది పరిహాసం కాదు, తరతరాల అనుభవం.

చలిదేశాలలో వసంతకాలపు తోట వసంతంలో మొదలు కాదు. శీతకాలం నడుమ, ఇంటిలోపల, కిటికీ దగ్గర మొదలవుతుంది. బయట సాగుకు అనువైన కాలం అక్కడ నాలుగైదు నెలలకు మించదు. ఉల్లి విత్తనం నుండి గడ్డ కావడానికి అంతకంటె ఎక్కువ కాలం పట్టవచ్చు. అందుచేత నేల కరగక మునుపే రెండు నెలల పైచిలుకు నారును ఇంటిలో పెంచుకుంటారు. లోతు తక్కువైన పళ్లాలలో మెత్తని ఎరువుమట్టి నింపి, పావు అంగుళం లోతున విత్తనం వేసి, పైన తడి ఆరకుండా చూడాలి. గదిలోని వెచ్చదనం చాలు. వారం పది రోజులకు మొలక వస్తుంది. ఉల్లి మొలక నిటారుగా రాదు. మోకాలు మడిచినట్లు వంగి, ముందు ఆ వంపు మట్టిని చీల్చుకుని పైకి వస్తుంది. తరువాత నెమ్మదిగా నిటారుగా నిలుస్తుంది, కొసన విత్తనపు పెంకును టోపీలా పెట్టుకుని. రోజుల పసికందును ఒడిలో పెట్టుకుని ఆ దృశ్యాన్ని చూస్తూ కూర్చున్న ఉదయాలను నేను మరువలేను.

ఆ పెద్దావిడ మరికొన్ని మెలకువలు చెప్పారు. ఉల్లి విత్తనాన్ని దాచుకోరాదు. ఏడాది దాటితే దాని మొలకశక్తి వేగంగా తగ్గిపోతుంది, కనుక ప్రతి ఏటా కొత్త విత్తనమే తీసుకోవాలి. నారు పొడుగై వాలిపోతూ ఉంటే కత్తెరతో మూడు నాలుగు అంగుళాలు ఉంచి పై కొసలు కత్తిరించాలి. అప్పుడు నారు కుదురుగా నిలుస్తుంది. కత్తిరించిన కొసలు పప్పులోకి, పెరుగుపచ్చడిలోకి పనికి వస్తాయి. కిటికీ వెలుగు చాలకపోతే నారుపై విద్యుద్దీపం వేలాడదీస్తారు. అయితే ఆ దీపాన్ని రోజుకు పన్నెండు గంటలకు మించి వెలిగించవద్దని ఆవిడ మరీ మరీ హెచ్చరించారు. ఎక్కువ వెలుగు ఇస్తే ఎక్కువ పెరుగుతుంది కదా అని నేను అడిగాను. "ఎక్కువ వెలుగు చూస్తే అది తొందరపడుతుంది" అన్నారు.

ఈ ఒక్క మాట వెనుక ఉల్లి రహస్యమంతా ఉన్నది. ఆ మాట నాకు పూర్తిగా బోధపడడానికి మా అమ్మాయి చెప్పిన ఒక వైఫల్యం తోడ్పడింది. అంతకు ముందటి సంవత్సరం, 2022లో, ఆమె బజారులో కనబడిన ఉల్లినారు కొని తెచ్చి మే నెలలో నాటింది. నీరు పోసింది, ఎరువు వేసింది, కలుపు తీసింది. జూన్ నెలలోనే ఆకులు వాలిపోయి గడ్డలు ఊరాయి. సంతోషంతో పెరికి చూస్తే ఒక్కొక్కటి గోలీకాయ కంటె కాస్త పెద్దది. మట్టిలో దోషమా, నీటిలో దోషమా అని ఆమె చాలా మథనపడింది. మట్టిలో దోషం లేదు, నీటిలో దోషం లేదు, నాటిన చేతిలోనూ దోషం లేదు. ఆ నారు దక్షిణపు రాష్ట్రాలకు చెందిన రకం. అక్కడి దినానికి తగిన విత్తనాన్ని ఇక్కడి దినంలో నాటింది, అంతే.

కొంచెం వివరంగా చెబుతాను. విజ్ఞానశాస్త్రం బోధించిన దానిని కనుక ఈ అవకాశం వదులుకోలేను. మొక్కలు పగటి పొడవును లెక్కించగలవని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు పొగాకు మొక్కలపై ప్రయోగాలు చేసి ప్రకటించారు. వేసవిలో పూయక మొండికేసిన పొగాకు రకాన్ని ప్రతి సాయంకాలం ముందుగానే చీకటి గదిలోకి చేర్చి, పగటిని కృత్రిమంగా తగ్గించగా అది పూసింది. ఉల్లి కూడా పగటిని లెక్కిస్తుంది. అయితే పూయడానికి కాదు, గడ్డ ఊరడానికి. పగలు పెరుగుతూ పెరుగుతూ ఒక నిర్ణీతమైన పొడవుకు చేరగానే ఉల్లి కొత్త ఆకులు వేయడం మాని, బలాన్నంతా కిందికి దింపి గడ్డ కట్టడం మొదలుపెడుతుంది. కొన్ని రకాలకు 12 గంటలకు దరిదాపుగా ఉన్న పగలు చాలు. వాటిని హ్రస్వదిన రకాలంటారు. కొన్నింటికి 14 గంటలు, అంతకు మించిన పగలు కావాలి. అవి దీర్ఘదిన రకాలు. మధ్యస్థమైనవీ ఉన్నాయి.

మన షోలాపురం ఉత్తర అక్షాంశం 18 డిగ్రీలకు కొంచెం లోపుగా ఉన్నది. ఇక్కడ డిసెంబరులో అతి చిన్న పగలు 11 గంటలు, జూన్‌లో అతి పెద్ద పగలు సుమారు 13 గంటల 15 నిమిషాలు. మినియాపోలిస్ 45 డిగ్రీల వద్ద ఉన్నది. అక్కడ డిసెంబరు పగలు తొమ్మిది గంటలైనా ఉండదు, జూన్ పగలు 15 గంటల 30 నిమిషాలు దాటుతుంది. రాత్రి తొమ్మిదింటికి వెలుగులో కూర్చుని భోజనం చేసిన అనుభవం నాది. ఇప్పుడు ఆలోచించండి. మే మొదటి వారానికే అక్కడి పగలు 14 గంటలు దాటిపోతుంది. పన్నెండు గంటలకే గడ్డకట్టే హ్రస్వదిన రకాన్ని ఆనాడు నాటితే, నాలుగు ఆకులు వేయకముందే అది "నా సమయం దాటిపోయింది" అని కంగారుపడి గడ్డ కట్టేస్తుంది. అదే అక్కడి దీర్ఘదిన రకాన్ని తెచ్చి మన నల్లరేగడిలో వేస్తే ఏమవుతుంది? మన పగలు ఎన్నడూ 14 గంటలకు చేరదు. అది ఆకులు వేస్తూనే ఉంటుంది, గడ్డ కట్టదు. మన దేశంలోనే హిమాలయపు కొండలలో బ్రౌన్ స్పానిష్ వంటి దీర్ఘదిన రకాలు పండుతాయి. నాసిక్ రైతు నమ్ముకున్న ఎన్-2-4-1, అగ్రిఫౌండ్ లైట్ రెడ్, పుణె జిల్లా రాజగురునగర్ పరిశోధనాలయం విడుదల చేసిన భీమా శక్తి, భీమా కిరణ్ వంటివి మన పగళ్లకు తగినవి. వీటిలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని లేదు. ఏ విత్తనానికి ఆ పగలు ఉన్నది.

మరొక్క విషయం. ఉల్లిగడ్డను అడ్డంగా కోసినప్పుడు కనబడే పొరలు మీకు తెలుసు. ఆ పొరలు ఆకుల మొదళ్లే. గడ్డ కట్టే వేళకు మొక్కకు ఎన్ని ఆకులున్నాయో, దాదాపు అన్ని పొరలతో గడ్డ ఊరుతుంది. ఆకు పెద్దదైతే పొర మందంగా ఉంటుంది. ఆకులు వేసుకునే కాలాన్ని హరిస్తే గడ్డ పుట్టకపోదు, పుడుతుంది. కాని చిన్నదిగా పుడుతుంది. ఆ తరువాత మనం ఎంత నీరు పోసినా, ఎంత ఎరువు వేసినా అది పెద్దది కాదు.

ఇక నా పొరపాటు చెప్పాలి. పిల్లలూ, మీ పెద్ద టీచరు చేసిన తప్పు కనుక శ్రద్ధగా వినండి.

ఏప్రిల్ రెండవ వారంలో ఆ ఊరిలో అనుకోకుండా వేసవి వంటి ఎండ కాసింది. రెండున్నర నెలలు గదిలో మగ్గిన నాకు ప్రాణం లేచి వచ్చింది. షోలాపురం మనిషికి ఎండ అంటే పుట్టింటి చుట్టం. నారుకు కూడా అలాగే ఉంటుందనుకున్నాను. మా దగ్గర మూడు పళ్లాల నారు ఉన్నది. పెద్దావిడను అడగలేదు, మా అమ్మాయికీ చెప్పలేదు. ఒక పళ్లెం తీసుకువెళ్లి మిట్టమధ్యాహ్నం ఎండలో, గాలిలో పెట్టి, లోపలికి వచ్చి మనుమడికి నీళ్లు పోసే పనిలో పడ్డాను. సాయంకాలానికి వెళ్లి చూస్తే నారంతా తెల్లబోయి, నేలకరచి పడి ఉన్నది. ఆ పళ్లెంలో పదో పన్నెండో తప్ప బతకలేదు. అయిదు రోజులు గడవక ముందే మళ్లీ మంచు కురిసింది. నేను చుట్టం అనుకున్న ఎండ దారినపోయే అతిథి మాత్రమే.

పెద్దావిడ నన్ను మందలించలేదు. మిగిలిన రెండు పళ్లాలను ఎలా రాటుదేల్చాలో చూపించారు. మొదటి రోజు నీడలో, గాలి తగలని గోడ పక్కన ఒక్క గంట. మరునాడు రెండు గంటలు. తరువాత ఉదయపు లేత ఎండ. నీరు కొంచెం తగ్గించడం. ఇలా పది రోజులు. చివరి రెండు రోజులు రాత్రి కూడా బయటనే. ఆ పది రోజులలో ఆకు మందమవుతుంది, రంగు ముదురుతుంది. అలా రాటుదేలిన ఉల్లినారు చిన్నపాటి మంచుదెబ్బకు కూడా తట్టుకుంటుంది. టమాట, మిరప, వంకాయ వంటివి అలా తట్టుకోలేవు. మంచు భయం పూర్తిగా తొలగిన తరువాత, మే నెల రెండవ సగంలో గానీ వాటిని బయట నాటరు. బఠాణీ, పాలకూర, ముల్లంగి మాత్రం నేల కరగగానే ఏప్రిల్‌లోనే విత్తుతారు. ఏది ముందు, ఏది వెనుక అనే ఈ వరుస అక్కడి గృహిణులకు మన తిథివారాల వలె కంఠస్థం.

నేల సిద్ధమైనదో లేదో చూడడానికీ ఒక పరీక్ష ఉన్నది. పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కి, వేలితో తట్టాలి. పొడిపొడిగా విడిపోతే పదును కుదిరినట్లు. ముద్దగానే ఉంటే మరికొన్ని రోజులు ఆగాలి. తడినేలను తొందరపడి తవ్వితే గట్టిపడి పెళ్లలు కడుతుంది, ఆ ఏడంతా బాధిస్తుంది. మన రైతులు చెప్పే అదును, పదును అనే రెండు మాటలు ప్రపంచమంతటా ఒక్కటేనని ఆనాడు నాకు తోచింది. నేల కంటె కొంచెం ఎత్తుగా మడులు కడితే నీరు ఇంకి మట్టి త్వరగా వెచ్చబడుతుంది. మే మొదటి వారంలో, నాలుగేసి అంగుళాల ఎడంతో, అంగుళం లోతున రెండు పళ్లాల నారునూ నాటాము. నేను పుల్లతో గుంట చేస్తే మా అమ్మాయి నారు పెట్టింది. చాలా ఏళ్ల తరువాత తల్లీ కూతుళ్లం ఒక పని కలిసి చేశాము.

జూన్ రెండవ వారంలో పాఠశాల తెరిచే వేళకు నేను తిరిగి వచ్చాను. ఆగస్టులో మా అమ్మాయి ఛాయాచిత్రం పంపింది. ఆకులు వాటంతట అవే వాలిన తరువాత నీరు ఆపి, పెరికి, గాలి ఆడే నీడలో రెండు మూడు వారాలు ఆరబెట్టిన గడ్డలు. పిడికిలికి పట్టనంత ఉన్నాయి. మెడ ఎండి బిగిసిన గడ్డలు చల్లని పొడి చోట నెలల తరబడి నిలుస్తాయి. మన రైతులు వెదురు తడికెల మధ్య గాలి ఆడేలా కట్టే కాందా చాళ్‌లో ఉన్నదీ అదే సూత్రం. డిసెంబరులో ఒకనాడు ఫోను చేసి, "అమ్మా, మనం నాటిన వాటిలో చివరి గడ్డ ఈ రోజు కోశాను" అన్నది. కంట నీరు ఉల్లిగడ్డ వల్లనా, మరొకందువల్లనా అని నేను అడగలేదు.

తల్లిదండ్రులారా, ఉల్లిని గురించి ఇంతసేపు మాట్లాడి చదువును గురించి చెప్పకుండా వెళితే నా ఉద్యోగధర్మం నెరవేరదు.

నాలుగేళ్ల క్రితం మరమగ్గం మీద పనిచేసే ఒక తండ్రి నా గదిలోకి వచ్చి, అయిదవ తరగతి చదువుతున్న కుమారునికి బదిలీ పత్రం అడిగారు. ఇంగ్లీషు పాఠశాలలో వేస్తానన్నారు. చేతులు జోడించి, తప్పు చేస్తున్నవారి వలె నిలబడి అడిగారు. నేను కాదనలేదు. కాదనే హక్కు నాకు లేదు. బిడ్డ తనకంటె బాగా బ్రతకాలని కోరుకోవడం తప్పెలా అవుతుంది? ఎనిమిది నెలల తరువాత ఆయనే మళ్లీ వచ్చారు. "వాడు మాట్లాడటం మానేశాడమ్మా. ఇంట్లో కూడా మాట్లాడటం లేదు" అన్నారు. ఆ పాఠశాలను నేను తప్పుపట్టను. అక్కడి ఉపాధ్యాయులూ మా వంటివారే. ఆ తండ్రినీ తప్పుపట్టను. ఏప్రిల్ ఎండలో పళ్లెం పెట్టి వచ్చిన నా చేతులు గుర్తుకు వచ్చాయి. నేనూ ప్రేమతోనే పెట్టాను.

ఆ బాలుడు తిరిగి మన దగ్గర చేరాడు. మొదటి రెండు నెలలు తరగతిలో నోరు విప్పలేదు. ఆ శీతకాలంలో పెరటిలో ఉల్లినారు పోసినప్పుడు నీరు పోసే పని అతనికి అప్పగించాము. ఒకనాడు తనంతట తానే నా దగ్గరకు వచ్చి, "టీచర్, మొలక వంగి వచ్చింది, విరిగిందా?" అని అడిగాడు. విరగలేదని, అది అలాగే వస్తుందని చెప్పాను. ఈనాడు అతడు సెమీ ఇంగ్లీషు విభాగంలో గణితం, విజ్ఞానశాస్త్రం ఇంగ్లీషులో చదువుతున్నాడు. తెలుగులో వ్యాసం రాస్తాడు, మరాఠీలో ఉపన్యాసమిస్తాడు. ఎవరో ఈ సభలో చెప్పను. అతనికి సిగ్గు.

నేను ఇంగ్లీషుకు వ్యతిరేకిని కాను. నా కూతురే అక్కడ ఇంగ్లీషుతో బ్రతుకుతున్నది. నారును ఎన్నటికీ గదిలోనే ఉంచమని నేను అనను. గదిలోనే ఉంచిన నారుకు గడ్డ ఊరదు. ఆరుబయటికి వెళ్లవలసిందే, పెద్ద పగళ్లను చూడవలసిందే. నా మనవి ఒక్కటే. ఒక్క పూటలో కాదు. మొదట ఇంటి భాషలో వేరు పట్టనివ్వండి. ఆకులు వేసుకోనివ్వండి. మొదటి తరగతిలోనే ఫలితం చూడాలని తొందరపెట్టకండి. తొందరపెడితే గడ్డ ఊరకపోదు, చిన్నదిగా ఊరుతుంది. తరువాత శిక్షణాలయాలలో ఎంత రుసుము పోసినా ఆ పొరలు రావు.

మన తరగతులలో పిల్లల సంఖ్య తగ్గుతున్నదన్న మాట నిజం. దాచను. ఒకప్పుడు రెండేసి వర్గాలుగా నడిచిన తరగతులు ఈనాడు ఒక్కొక్కటిగా నడుస్తున్నాయి. దానికి మీరు మాత్రమే కారణమని నేను అనను. మేము కూడా కొన్నేళ్లు నారు రాటుదేల్చే విద్యను అశ్రద్ధ చేశాము. తెలుగులో బాగా చెప్పి, ఇంగ్లీషును పదవ తరగతి గుమ్మం దగ్గర వదిలివేశాము. ఆ లోపాన్ని సరిదిద్దుకుంటున్నాము. అయిదవ తరగతి నుండి రోజుకు కొంత చొప్పున ఇంగ్లీషు మాటలాడించే అభ్యాసం మొదలుపెట్టాము. మొదటి రోజు ఒక్క గంట, నీడలో.

చివరగా ఒక అభ్యర్థన. మన పాఠశాల వెనుక ఉన్న పెరటి స్థలాన్ని ఈ ఉత్సవాల మరమ్మతులలో సిమెంటు చేసి వాహనాలు నిలుపుకునే చోటుగా మార్చాలన్న ప్రతిపాదన కార్యవర్గం ముందు ఉన్నది. వాహనాల ఇబ్బంది నాకు తెలుసు. ద్విచక్ర వాహనాలు వీధిలో నిలిపి మీరు పడుతున్న అవస్థ రోజూ చూస్తున్నాను. స్థలమంతా అడగను. సగం అడుగుతున్నాను. తూర్పు వైపు సగం. ఎండ వచ్చేది అటువైపే.

దసరా సెలవుల తరువాత అక్కడ రబీ నారుమడి పోస్తాము. ఆరేడు వారాలకు, డిసెంబరులో, మడులలో నాటుతాము. పగలు పదకొండు గంటల నుండి నెమ్మదిగా పెరుగుతూ పన్నెండుకు చేరే ఫిబ్రవరి, మార్చి మాసాలలో గడ్డలు ఊరుతాయి. వార్షిక పరీక్షలు ముగిసే వేళకు ఆకు వాలుతుంది. ఒక ఉపాధ్యాయుడు గోడమీద పగటి పొడవును ప్రతి వారం రాయిస్తారు. సూర్యుని గమనం, అక్షాంశాలు, సరాసరి గణితం అన్నీ ఆ మడి దగ్గరే చెబుతాము. నీటికి కరవున్న ఊరు మనది. అందుచేత మధ్యాహ్న భోజనానికి పిల్లలు చేతులు కడిగిన నీటిని కాలువ కట్టి మడులకు మళ్లిస్తాము. పండిన గడ్డలు మళ్లీ ఆ భోజనంలోకే వెళతాయి. ఖర్చు పెద్దగా లేదు. కావలసింది ఆ సగం నేల, మీ సమ్మతి.

పూర్వ విద్యార్థులారా, మీలో కొందరు పుణె నుండి, ముంబయి నుండి, హైదరాబాదు నుండి వచ్చారు. సముద్రాలు దాటి వచ్చిన వారూ ఉన్నారు. మీరు ఈ గదులలో ఆకులు వేసుకుని, రాటుదేలి, పెద్ద పగళ్లు చూచిన వారు. డిసెంబరు నెలలో నాట్ల రోజును ప్రకటిస్తాము. రాగలిగిన వారు రండి. ఒక పుల్ల పట్టుకుని గుంట చేయండి. పక్కన ఒక చిన్న చేయి నారు పెడుతుంది. ఉపన్యాసాలు అవసరం లేదు.

ఆ బాలుడు అడిగిన ప్రశ్నను తలచుకుని సెలవు తీసుకుంటాను. మన పిల్లలు కొత్త చోట, కొత్త భాషలో మొదట వంగి కనబడవచ్చు. విరిగారని కంగారుపడకండి. మొలక అలాగే వస్తుంది. దానికి కొంచెం వేళనివ్వండి.